ఊరి పేరు అడగని రాజు

రండి, దగ్గరికి జరగండి. మీ పెద్దమ్మ గొంతు మునుపటిలా లేదు, దూరంగా కూర్చుంటే వినపడదు. మధ్యలో ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టనివాళ్ళకి కథా లేదు, ఆనక వేయించిన వేరుశనక్కాయలూ లేవు.

అనగనగా ఒక రాజు. ఒక కోటా, ఒక ఏనుగూ ఉన్న చిన్నా చితకా రాజనుకున్నారేమో, కాదు. ఛప్పన్న దేశాలూ గెలిచిన మహారాజు. పేరు రణధీరుడు. పేరు పెట్టేటప్పుడే వాళ్ళమ్మ కాస్త ఆలోచించాల్సింది!

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆయనకి ముందు ఛప్పన్న దేశాల రాజులూ ఒకళ్ళ పొలాల మీదికి ఒకళ్ళు గుర్రాలు తోలేవాళ్ళు. మలుపుకొక దొంగ, వాగుకొక గండం. ఈయన అందర్నీ ఓడించి, తూర్పు రేవు నుంచి పడమటి కొండల దాకా గీత గీసినట్టు ఒక దారి వేయించాడు. దారికి రెండు పక్కలా చింతచెట్లు, ఆమడకొక సత్రం, కోసుకొక చలివేంద్రం. చెరువులు తవ్వించాడు. కరువొస్తే గాదెలు తెరిపించాడు. ఏమ్మా పాపాయీ, మంచి రాజేనా? మంచి రాజే. తొందరపడి తల ఊపకు, కథ ఇంకా ఉంది.

ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలశాలి, నడిమివాడు మాటకారి. చిన్నవాడి పేరు సుకేతుడు. వాడికి ఏముందయ్యా అంటే వాళ్ళ నాన్నంటే ప్రాణం. నాన్న నడిచిన చోట నడిచేవాడు, నాన్న నవ్వితే నవ్వేవాడు.

ఒకనాడు రాజుగారు కొలువులో ఉండగా ఒక ముసలాయన వచ్చాడు. మోకాళ్ళ దాకా మట్టి, భుజం మీద చిలుక. అందరిలా వంగి దణ్ణం పెట్టలేదు.

"ఏం కావాలి తాతా? పొలమా, గొడ్డా?" అన్నాడు రాజు.

"ఏమీ వద్దు. మా ఊరి పేరు చెప్పు చాలు."

"నీ ఊరి పేరు నన్నడుగుతావేమయ్యా? తప్పిపోయావా?" అని రాజు నవ్వాడు. రాజు నవ్వితే సభ ఊరుకుంటుందా? మంత్రి నవ్వాడు, సేనాపతి నవ్వాడు, వింజామర వీచేవాళ్ళూ నవ్వారు. సుకేతుడైతే కడుపు పట్టుకుని మరీ నవ్వాడు.

ముసలాయన మాత్రం నవ్వలేదు. "మూడు పున్నాలు గడువిస్తున్నాను. ఈలోగా మా ఊరి పేరు నీ నోట రావాలి. రాకపోతే నిలువునా రాయైపోతావు," అని వెళ్ళిపోయాడు. ఆయన మామూలు ముసలాయన కాదర్రా, మాంత్రికుడు! మర్నాటికల్లా రాజుగారి కాలివేళ్ళు రాయైపోయాయి.

ఇక చూడండి హడావిడి. మంత్రి దస్త్రాలు తెప్పించి రాజ్యంలో ఉన్న ఊళ్ళ పేర్లన్నీ వరసగా చదివించాడు. రాజు ఒక్కొక్క పేరే పలికాడు. పది రోజులు పలికాడు, నోరెండిపోయింది. రాయి మాత్రం మోకాళ్ళ దాకా వచ్చింది. ఎందుకంటే దస్త్రాల్లో ఉన్నవి ఉన్న ఊళ్ళు. లేకుండా పోయిన ఊరి పేరు ఎవడు రాసి పెడతాడు?

అప్పుడు ఆస్థాన జ్యోతిష్కుడు గవ్వలు వేసి చెప్పాడు. "మహారాజా, వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. ఏడు సముద్రాల అవతల ఒక దీవి. దీవిలో ఒక మట్టిల్లు. ఇంట్లో ఆ చిలుక. చిలుక పీక నులిమితే వాడు చస్తాడు, తమరు లేచి నిలబడతారు."

పెద్దవాడు ఓడలేసుకుని పోయాడు, తిరిగి రాలేదు. నడిమివాడు బహుమతులేసుకుని పోయాడు, తిరిగి రాలేదు. రెండు పున్నాలు అయిపోయాయి. రాయి నడుము దాకా వచ్చింది. అప్పుడు సుకేతుడు నాన్న చెయ్యి పట్టుకుని, "నేను తెస్తాను నాన్నా, ఆ చిలుకని నీ చేతుల్లో పెడతాను," అన్నాడు. వాడికి నాన్న బతకాలి, అంతే. ఇంకో ధ్యాస లేదు.

వాళ్ళ నాన్న వేయించిన దారినే బయల్దేరాడు. నీడలో నడక, సత్రంలో భోజనం. ఒక చలివేంద్రంలో అవ్వ మజ్జిగ పోస్తూ, "ఈ దారి వేసిన రాజు చల్లగా ఉండాలి నాయనా! నా మనవరాలు పురిట్లో పోవాల్సింది. పొరుగూరి మంత్రసాని ఈ దారిన పరుగున వచ్చి బతికించింది," అంది. సుకేతుడి ఛాతీ పొంగింది. అవ్వ చెప్పింది అబద్ధం కాదు. అది గుర్తుపెట్టుకోండి.

పడమటి కొండల దగ్గర దారి అయిపోయి అడవి వచ్చింది. అడవిలో దిక్కు తెలియక తిరుగుతుంటే ఒక నక్క ఎదురైంది.

"ఎవరి బిడ్డవయ్యా?" అంది నక్క.

"ఛప్పన్న దేశాలు గెలిచిన రణధీర మహారాజు మూడో కొడుకుని," అన్నాడు వీడు మీసం లేని చోట మీసం దువ్వుతూ.

నక్క గబుక్కున ముందుకాళ్ళు వంచి దణ్ణం పెట్టింది. "అయ్యో బాబూ, మా అన్నదాత కొడుకువా! ఎన్ని ఏళ్ళు మా పిల్లా జెల్లా కడుపు నింపాడని! రా రా, నేను తీసుకుపోతాను." దగ్గరుండి సముద్రం ఒడ్డు దాకా దిగబెట్టింది. మా నాన్న నక్కలకి కూడా అన్నం పెట్టించాడా, ఎంత ధర్మాత్ముడో, అనుకున్నాడు ఈ వెర్రిబాగులవాడు.

ఒడ్డున ఓడ లేదు. కొండరాయి మీద ఒక రాబందు కూర్చుని ఉంది. "ఎవరి బిడ్డవయ్యా?" అంది. వీడు చెప్పాడు. రాబందు రెక్కలు విప్పి, "ఆహా, ఏం మనిషి మీ నాన్న! ఎక్కు నాయనా, ఆరు సముద్రాలు దాటిస్తాను. ఆయన దండు ముందు పోయేది, మర్నాడు మేం దిగేవాళ్ళం. పొయ్యిమీది అన్నం పొయ్యిమీదే ఉండేది. మనుషులు మాత్రం వీధిలో ఉండేవాళ్ళు. పిల్లలూ పెద్దలూ, ఎవరికి కావలసినంత వాళ్ళకి," అంది.

అప్పుడు అర్థమైంది సుకేతుడికి నక్క దేనికి దణ్ణం పెట్టిందో. తల కొట్టేసినట్టయింది. దిగిపోదామా అనుకున్నాడు. దిగితే నాన్న దక్కడు. ఎక్కాడు. ఎక్కిన వాడు ఆరు సముద్రాలూ తల దించుకునే ఉన్నాడు.

ఏడో సముద్రం ఒడ్డున ముసలి మొసలి. "ఎవరి బిడ్డవయ్యా?"

ఈసారి నాన్న పేరు చెప్పడానికి నోరు రాలేదు. "ఎవరో ఒకరి బిడ్డనిలే," అని గొణిగాడు.

"నీ వేలి ఉంగరం మీద రాజముద్ర నాకు తెలీదా! నేను నదుల్లో పుట్టి పెరిగినదాన్ని. మీ నాన్న ఏ ఊరు కాల్చినా జనం ముందు ఏట్లోకే ఉరికేవాళ్ళు. అలా తిన్నాకే ఇంత లావయ్యాను. రా, వీపెక్కు." ఎక్కించుకుని ఈదుతూ అది ఊరుకోలేదు. ముసలిదానికి కబుర్లంటే ఇష్టం. ఎక్కడెక్కడ తిందో ఆ ఊళ్ళన్నీ పేరుపేరునా చెప్పడం మొదలుపెట్టింది. రాజు మర్చిపోయాడు కానీ, తిన్న నోరు మర్చిపోతుందా?

పది పేర్లు విన్నాడు. ఇరవై విన్నాడు. ఇక వినలేక సుకేతుడు రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. తన తండ్రిని బతికించే పేరు అందులోనే ఉందేమో అన్న తెలివి లేకపోయింది చూడండి! సిగ్గు అలాంటిది, మంచి పనికి వచ్చేలోపు చెవులు మూయిస్తుంది. దీవి రాగానే మొసలి మునిగిపోయింది. పిలిచినా పలకలేదు.

దీవిలో మట్టిల్లు. ఇంటి ముందు వరసగా పచ్చికుండలు ఆరుతున్నాయి. వాకిలికి ఇటొక రాతిబొమ్మ, అటొక రాతిబొమ్మ. దగ్గరికి వెళ్ళి చూస్తే ఇటు పెద్దన్న, అటు చిన్నన్న!

కుండలు తిరగేస్తున్న ఒక పిల్ల లేచి వచ్చింది. పద్దెనిమిదేళ్ళుంటాయి. పేరు తంగేడు. ఆ ముసలాయన మనవరాలు.

"లోపలికి రావాలంటే మా ఊరి ఆచారం ఒకటుంది. పెళ్ళికొచ్చినా, చావుకొచ్చినా, ఊరికే వచ్చినా సరే. వాకిట్లో నిలబడి మీ ఇంటి తప్పు ఒకటి చెప్పుకోవాలి. అప్పుడు కాళ్ళకి నీళ్ళిస్తాం, అన్నం పెడతాం. తప్పు దాచుకుని గడప తొక్కితే రాయవుతారు. ఆ పెద్దాయన మా ఇంట తప్పే లేదన్నాడు. ఈయన మా తప్పుకి పదింతలు మేలు చేశామన్నాడు," అంది.

"మా ఇంట్లో మా పెద్దన్న అబద్ధాలాడతాడు," అన్నాడు సుకేతుడు గబగబా. పక్కనే పెద్దన్న రాయై ఉన్నాడు కాబట్టి సరిపోయింది! గడప మీద కాలు పెట్టాడు. పాదం చల్లబడి రాయైపోయింది.

"మా నాన్న ఏవో ఊళ్ళు కాల్చాడు. కాలం అలాంటిది మరి. ఆయన కాల్చకపోతే ఇంకో రాజు కాల్చేవాడు," అన్నాడు. రాయి మోకాలి దాకా పాకింది.

తంగేడు వెనక్కి తిరిగి కుండల దగ్గరికి పోయింది. సుకేతుడికి ఏడుపొచ్చింది.

"ఇదిగో, ఉండు," అన్నాడు. "మీ తాత మా సభకొచ్చి ఊరి పేరు అడిగితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువ నవ్వాను. దార్లో మొసలి కాలిన ఊళ్ళ పేర్లు చెబుతుంటే వినలేక చెవులు మూసుకున్నాను. మీ ఊరి పేరు నాకిప్పటికీ తెలీదు. సిగ్గుగా ఉంది."

కాలు కదిలింది. తంగేడు చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళకి పోసింది. లోపల కూర్చోబెట్టి జొన్నన్నం, పప్పు పెట్టింది. తిన్నాడు.

చెయ్యి కడుక్కుని చూస్తే ఎదురుగా కొయ్య మీద చిలుక. పంజరం లేదు, కాపలా లేదు. ఆ మూల కుమ్మరి సారె తిప్పుకుంటూ ముసలాయన. సుకేతుడు రెండడుగులు వేసి చిలుకని పట్టేశాడు. ఇంత మెడ, వేలంత కూడా లేదు. నులిమితే నాన్న లేచి నిలబడతాడు!

చిలుక పలికింది. ఆడమనిషి గొంతు, నిక్షేపంలాంటి గొంతు. "నాన్నా, కుండలు ఆరాయా? లోపల పెట్టెయ్యి. గుర్రాలొస్తున్నాయి."

సుకేతుడు చిలుకని వదలకుండానే తంగేడు వంక తిరిగాడు.

"అది మా అమ్మ గొంతు," అంది తంగేడు. "నాకు ఆర్నెల్లప్పుడు పోయిందట. తాత నన్ను పెద్ద కాగులో పెట్టి మూతేసి, నెత్తిన పెట్టుకుని పారిపోయాడు. చిలుక ఆ కాగు మీద కూర్చుని వచ్చింది."

"నులుము నాయనా," అన్నాడు ముసలాయన తల తిప్పకుండానే. "నాకూ విసుగొచ్చింది. ఆ గొంతు వినాలనే ప్రాణం దాంట్లో దాచుకున్నాను."

ఏం చేస్తాడు? మీరైతే ఏం చేస్తారు? ఏరా, చప్పుడు లేదేం? అటు కన్నతండ్రి. నడుము దాటి ఛాతీ దాకా రాయైపోతూ, కొడుకు వస్తాడని ద్వారం వంక చూస్తున్నవాడు. ఇటు ఇది. సుకేతుడు ఆ చిలుకని పట్టుకునే చాలాసేపు ఏడ్చాడు. తర్వాత మెల్లిగా కొయ్య మీద పెట్టేశాడు.

"తాతా, ఊరి పేరు చెప్పు. కాళ్ళు పట్టుకుంటాను."

"నీకు చెప్పను. మీ నాన్న నన్నడగాలి. నేను అడగడం అయిపోయింది, ఇక ఆయన వంతు."

"అయితే రా తాతా, మా ఇంటికి. అడుగుతాడో లేదో చూద్దాం."

ముసలాయన కాగు ఒకటి తిరగేసి మంత్రం వేశాడు. అది పడవంత అయింది. రాబందు ఎక్కించుకుంటానని వచ్చింది కానీ, తాత దాని ముఖం కూడా చూడలేదు. చిలుకా, తాతా, మనవరాలూ, సుకేతుడూ ఏడు సముద్రాలు దాటి, రాజదారిన పడి, మూడో పున్నమినాటి పొద్దున కోటకి చేరారు.

అప్పటికి రాజుకి గొంతు దాకా రాయి. కొడుకుని చూడగానే కళ్ళు మెరిశాయి. "తెచ్చావా నాయనా! నులుము, నులుము!"

"నులమను నాన్నా," అన్నాడు సుకేతుడు. వాడి జన్మలో నాన్నకి ఎదురుచెప్పడం అదే మొదలు.

సభంతా నోరెళ్ళబెట్టింది. రాజుకి కోపమొచ్చింది. "ఏం తప్పు చేశానయ్యా నేను? ముసలాయనా, నువ్వే చెప్పు. నేను వేసిన దారి మంచిది కాదా?"

"మంచి దారే," అన్నాడు ముసలాయన. "మా నాన్న కాలంలో రేవు నుంచి ఇక్కడికి పదిహేను రోజులు. ఈ వేళ మేం మూడు రోజుల్లో వచ్చాం. నీడ కూడా బాగుంది. మా ఊరు బూడిదైన చోటి మీదుగానే పోతుంది ఆ దారి."

"మరి? లక్షమంది నడిచే దారి కోసం ఒక పల్లె పోయింది. దండు పోతుంటే అడ్డమొచ్చింది, తీసెయ్యండి అన్నాను. అది ఊరని కూడా నేను సరిగ్గా చూడలేదు. ఒక్క పల్లె! ముప్పై గడపలుండవు! లక్షమంది ఎక్కువా, ముప్పై గడపలు ఎక్కువా?"

"లక్షమందే ఎక్కువ," అన్నాడు ముసలాయన. "నేను కాదనలేదే. అంత లెక్క తెలిసినవాడివి, ఆ ఒక్కదాని పేరు చెప్పు."

రాజు నోరు తెరిచాడు. మంత్రి వంక చూశాడు. మంత్రి నేల చూశాడు. సేనాపతి వంక చూశాడు. ఆయన కత్తి పిడి సవరించుకున్నాడు. చిలుక మళ్ళీ అంది, "నాన్నా, కుండలు ఆరాయా?"

రాజు ఆ గొంతు విన్నాడు. సుకేతుడు చూస్తూనే ఉన్నాడు. వాళ్ళ నాన్న ముఖం అంతకు ముందెప్పుడూ అలా కాలేదు. ఛప్పన్న దేశాల రాజులు తల వంచితే చూసి అలవాటైన మనిషి, ఇప్పుడు తనే కళ్ళెత్తలేకపోయాడు.

"పెద్దయ్యా," అన్నాడు. గొంతు సగం రాయి, మాట గరగరలాడింది. "మీ ఊరి పేరేమిటి?"

"చిట్టికుదురు," అన్నాడు ముసలాయన. అని అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పద్దెనిమిదేళ్ళ తర్వాత, కాల్చినవాడే ఆ పేరు అడిగాడు మరి.

"చిట్టికుదురు," అన్నాడు రాజు. "చిట్టికుదురు కాల్చింది నేను."

రాయి దిగిపోయింది. అక్కడ దీవిలో అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుని లేచారు. సభలో జనం జేజేలు కొట్టబోతే రాజు చెయ్యెత్తి ఆపేశాడు. ఆ రోజే కిరీటం తీసి సుకేతుడికి ఇచ్చేశాడు. మళ్ళీ సింహాసనం దగ్గరికి పోలేదు. ఎవరైనా మహారాజా అంటే గోడ వైపు తిరిగేవాడు.

సుకేతుడు నలభై ఏళ్ళు ఏలాడు. దారి తవ్వించెయ్యలేదు, ఆ అవ్వ మనవరాలి లాంటివాళ్ళు ఎందరో నడవాలి కదా. కొత్తగా జానెడు నేల కూడా గెలవలేదు.

ఏమిటీ, పెళ్ళా? పెళ్ళి లేకుండా కథ అయిపోతుందా అని మీ గోల! అయింది. తంగేడుకీ సుకేతుడికీ అయింది. కానీ ఆ పిల్ల ముందే చెప్పేసింది, "నువ్వంటే నాకిష్టమే. మీ నాన్న కాళ్ళకి మాత్రం దణ్ణం పెట్టను," అని. అంతఃపురంలో ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మామగారి కాళ్ళకి మొక్కని కోడలా, చోద్యం కాకపోతే!

తాళి కట్టడం అయింది. పురోహితుడు, "పెద్దల కాళ్ళకి నమస్కారం చెయ్యండి," అన్నాడు. పందిరంతా ఆ పిల్ల వంకే చూస్తోంది. తంగేడు నిలువునా నిలబడింది. అప్పుడు ముసలిరాజు, పీట మీద కూర్చున్నవాడు, రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుని పంచె కప్పేసుకున్నాడు.

"వద్దు తల్లీ, ఈ కాళ్ళకి వద్దు," అన్నాడు.

పళ్ళెంలోంచి అక్షింతలు తీసుకున్నాడు కానీ చెయ్యి పైకి లేవలేదు. తల వంచుకునే అడిగాడు, "వెయ్యమంటావా అమ్మా?"

ఆ పిల్ల పక్కనున్న సుకేతుడి వంక చూసింది. "మీ అబ్బాయి మీద వెయ్యండి," అంది.

సరేనని కొడుకు నెత్తిన వేశాడు. ఒక్క గింజ కూడా ఆ పిల్ల మీద పడకుండా, దగ్గరగా చెయ్యి పెట్టి, చూసి చూసి వేశాడు.

అంతే, కథ ఇంత వరకే. లేవండి, వేరుశనక్కాయలు మూకుట్లో ఉన్నాయి, కొట్టుకోకుండా పంచుకోండి.